హిలో పండుగ, మా తీజ్

శ్రావణం రాగానే మనూర్ చుట్టుపక్కల తండాల్లో మా ఆడపిల్లలు వెదురు బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ, బుట్టల చుట్టూ తిరుగుతూ పాడతారు. అదే మా తీజ్. మొలక ఎంత పచ్చగా వస్తే ఏడు అంత చల్లగా ఉంటుందని పెద్దల మాట.

పోయిన తీజ్‌లో పిల్లలు బుట్టల ముందు నిలబడి పాట అందుకున్నారు. రెండో చరణం ఎవరికీ రాలేదు. వెంటనే ఎవరో డీజే పెట్టారు. పాటంతా తెలిసిన ముసలి యాడి పక్కనే అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ పిలవలేదు. మేమూ పిలవలేదు.

ఆ తప్పులో మా వాటా ఉంది. డీఎడ్ చేసి కొత్తగా బడిలో చేరినప్పుడు, ఒకటో తరగతి పిల్లలు గోర్‌బోలిలో మాట్లాడితే "తెలుగులో చెప్పండి" అని కసిరేవాళ్లం. అది మా అమ్మ భాషే. పిల్లలకు తెలుగు తొందరగా రావాలని అనుకున్నాం. పిల్లలు నేర్చుకున్నది మాత్రం, తమ మాట బడికి పనికిరాదని.

హవాయి దీవుల కథ చదివినప్పుడు మా కథే చదివినట్టయింది. అక్కడ హులా అంటే ఒట్టి ఆట కాదు. వాళ్ల దేవతలు, రాజులు, కొండలు, వానలు అన్నీ ఆ పాటల్లోనే ఉన్నాయి. క్రైస్తవం పుచ్చుకున్న రాణి కాహుమను 1830లో నలుగురిలో హులా ఆడొద్దని ఆజ్ఞ వేసింది. 1883లో రాజు కలాకౌవా తన పట్టాభిషేకంలో దాన్ని మళ్లీ అందరి ముందు ఆడించాడు. 1893లో రాజ్యమే పోయింది. 1896 చట్టంతో బడుల్లో ఇంగ్లిషే బోధన భాష అయింది. సొంత మాట మాట్లాడిన పిల్లలకు దెబ్బలు పడ్డాయి.

1964లో హిలో పట్టణంలో ఆ రాజు పేరు మీద మెర్రీ మోనార్క్ పండుగ మొదలైంది. తొలి ఏళ్లలో రాజులా గడ్డం పెంచినవాళ్లకు పోటీ కూడా పెట్టేవారు. 1971లో హులా పోటీ చేర్చాక పండుగ తీరే మారింది. 1978లో హవాయి భాష ఆ రాష్ట్ర అధికార భాష అయింది. 1984లో చిన్నపిల్లలకు ఆ భాషలోనే బడులు తెరిచారు.

ఇందులో మాకు నచ్చింది వేదిక కాదు. ఆ కొద్ది రోజుల పండుగ వెనుక ఏడాదంతా నేర్పే గురువులున్నారు. వాళ్లను 'కుము' అంటారు. పాట అర్థం తెలియకుండా అడుగు వేయనివ్వరు. మనకు తొమ్మిది రోజుల పండుగ ఉంది, నేర్పే ఏడాది లేదు.

అందుకే శనివారం చివరి పీరియడ్‌లో ఆ యాడిని బడికి పిలిచాం. మొదటి రోజు ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది. కుర్చీ వేశాం. ఆమె పాడితే పిల్లలు తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు.

దసరా తర్వాత ఒక పిల్ల అమ్మానాన్నలతో చెరకు కొట్టడానికి మహారాష్ట్ర పోయింది. ఆమె ఇక బడికి రాదనుకున్నాం. ఎండాకాలంలో నోటుబుక్కుతో తిరిగొచ్చింది. గుడిసెల దగ్గర అక్కడి బంజారా యాడి ఒకామె పాడితే రాసుకున్న పాట అందులో ఉంది. మా యాడి విని, "ఇందులో ఒక చరణం నేను మరిచిపోయాను" అంది.

తోటి టీచర్లకు ఒక్క మాట. బుట్టలో గోధుమలు చల్లేదాకా ఆగకండి. మీ తండా యాడికి ఇప్పుడే బడిలో కుర్చీ వేయండి.