రిగ్లీ ఫీల్డులో ఒక మధ్యాహ్నము

గత వేసవిలో మేము మా నాయనగారిని వెంటబెట్టుకొని అమెరికాలోనున్న మా తమ్మునియింటికి బోయితిమి. అమ్మ గతించినది మొదలు నాయనగారు ముక్తసరిగా గాని మాటలాడరు. వారిని ఇక నచ్చటనే యుంచుకొనవలెనని తమ్ముని కోరిక. డెట్రాయిటునుండి చికాగోకు రమారమి 280 మైళ్లు కారులో దీసికొనిపోయి, 1914లో కట్టిన రిగ్లీ ఫీల్డను బేసుబాలు క్రీడారంగమును జూపెను.

ప్రహరిగోడకు దట్టముగా నల్లుకొన్న ఐవీతీగ 1937లో నాటినదట. బంతి యా యాకులలో జిక్కుకొన్నచో కొట్టినవానికి రెండు మజిలీలు దక్కును! ఆ యేటిదే యగు పెద్దపలకపై అంకెలను నేటికిని మనుష్యులే చేతులతో మార్చుచున్నారు. బడిపంతులుగారి యిల్లాలము గనుక గాబోలు, మాకా పలకయే మిక్కిలి నచ్చినది.

నాయనగారు మాత్రము ఆటకాండ్ర పరుగునే చూచుచుండిరి. మైదానములో 90 అడుగుల కొకటిగా నాలుగు మజిలీలు. "మూడు తిరిగినవానికి లెక్క కట్టరేమిరా?" అని యడిగిరి.

"బయలుదేరినచోటికి రావలెను నాన్నా. దానిని వీరు ఇల్లందురు" అని తమ్ముడు చెప్పెను.

ఆట ముగియువరకు నాయనగారు మరల మాటలాడలేదు. తిరుగుదారిలో, "మన టిక్కెట్లు ఏనాటికే, అమ్మాయీ?" అనిరి. తేదీ చెప్పితిమి. తమ్ముడు దారినే చూచుచు కారు నడిపెను.