విండోస్‌కు రుఖ్సత్ చెప్పాలా?

ధారూర్‌లో మా దుకాణం చిన్నది. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, గోడకు ఆనించిన కాగితాల కట్టలు. షాదీ రుఖాలు, పెళ్లి పత్రికలు, జాతర కరపత్రాలు. అబ్బా మొదలుపెట్టిన పని. ఉర్దూకు ఇన్‌పేజ్, తెలుగుకు అను. ఈ రెండింటి మీదే మా రోజీ-రోటీ.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలట. మా పాత డబ్బాలో అది లేదు. కొత్తది కొనే హైసియత్ ఇప్పుడు నాకు లేదు. వికారాబాద్ దోస్తు ఒకడు "లినక్స్ ఎక్కించు భాయ్, ముఫ్త్" అన్నాడు.

ముఫ్త్ సరే, ఏ లినక్స్? 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్ అన్నిట్లోనూ ఉంటుంది. దాని చుట్టూ ఎవరి సామాను వాళ్లు పేర్చి ఇచ్చేదే డిస్ట్రో. బియ్యం ఒకటే అయినా బావర్చీకో బిర్యానీ అన్నట్టు. డెబియన్ 1993 నుంచి ఉన్న బుజుర్గు, తొందరపడదు. దాని నుంచి 2004లో ఉబుంటు వచ్చింది. ఉబుంటు మీద కట్టింది మింట్. విండోస్ అలవాటైన చేతికి మింట్‌లో మెనూ వెతుక్కునే పని లేదు. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తేలిక. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే ఆరామ్. మా దాంట్లో 4 ఉంది.

ఒకరోజు ఇషా తర్వాత పెన్‌డ్రైవ్‌తో మింట్ తెరిచాను. ఇలా చూస్తే డిస్క్‌లో ఉన్నదేమీ చెరగదు. తెలుగు చక్కగా కనిపించింది. నోటో నస్తాలీఖ్ ఫాంటుతో ఉర్దూ కూడా వయ్యారంగా వాలింది. దిల్ ఖుష్.

అప్పుడు మా ఆపా షాదీ రుఖా ఫైల్ నొక్కాను. అబ్బా చివరిసారి కంపోజ్ చేసింది అదే. తెరుచుకోలేదు.

ఇన్‌పేజ్‌కు లినక్స్ రూపం లేదు. పాత ఇన్‌పేజ్ ఫైళ్లు యూనికోడ్ కావు, వాటి సంకేతాలు వాటివే. అను రాతదీ అదే కథ. ఆ ఫాంటు లేకపోతే తెలుగు కాస్తా పిచ్చి గీతలవుతుంది. ఇన్నేళ్లూ మేం మా జబాన్‌ను ఒకే సందూక్‌లో పెట్టి, దాని తాళంచెవి మాత్రం మా దగ్గర ఉంచుకోలేదు.

అమ్మీకి చెప్పాను. "కొత్త ఇల్లు కట్టుకో బేటా, మీ అబ్బా పెట్టె మాత్రం బయట పారేయకు" అంది.

అదే నా ఫైసలా అయింది. ముందు అన్ని ఫైళ్లనూ వేరే హార్డ్‌డిస్క్‌లోకి నకలు తీశాను. తర్వాత కంప్యూటర్ డిస్క్‌ను రెండు భాగాలు చేశాను. ఒకదాంట్లో మింట్. నెట్, మెయిల్, ఫారాలు, కొత్త కంపోజింగ్ అన్నీ అందులోనే, అంతా యూనికోడ్‌లో. రెండోదాంట్లో విండోస్. దానికి నెట్ బంద్, పాత ఫైళ్లకు మాత్రమే. ప్రింటర్ ఇంకా మింట్ మాట వినడం లేదు. ప్రింట్ కోసం మళ్లీ విండోస్‌లోకి వెళ్లాల్సి వస్తోంది. ముష్కిలే, కానీ భరించగలను.

రోజూ అసర్ తర్వాత కొన్ని పాత ఫైళ్లను పీడీఎఫ్ చేస్తున్నాను. మొదటిది ఆపా రుఖా. మింట్‌లో తెరిస్తే అబ్బా పేర్చిన అక్షరాలు చెక్కుచెదరలేదు. దాంట్లో ఇక ఒక్క నుఖ్తా కూడా మార్చలేను. మార్చాలనీ లేదు.

దోస్తులారా, ఏ డిస్ట్రో మంచిదని అడిగే ముందు ఒక పని చేయండి. మీ రాతలు ఏ తాళం వెనక ఉన్నాయో చూసుకోండి. డిస్ట్రో నచ్చకపోతే రేపు ఇంకోటి ఎక్కించుకోవచ్చు. అమానత్ పోతే మళ్లీ రాదు.