నాలుగు చీట్లు... నాలుగు మొహాలు

నోటుబుక్కులో ఓ పేజీ చింపి నాలుగు ముక్కలు చేస్తే చాలు, ఆట సిద్ధం. ఒకదానిమీద రాజు, ఇంకోదానిమీద మంత్రి, మూడోదాని మీద పోలీసు, చివరిదాని మీద దొంగ. మడతపెట్టి, గుప్పిట్లో కలిపి విసిరితే తలా ఒకటి ఏరుకుంటారు. రాజుకు 1000, మంత్రికి 800, పోలీసుకు 500, దొంగకు సున్నా. 'నా మంత్రి ఎవరు?' అని రాజు దర్జాగా అడుగుతాడు. మంత్రి దొంగను పట్టాలి. పట్టలేకపోతే అతని 800 దొంగ ఖాతాలోకి పోతాయి. కొన్ని ఇళ్లలో పోలీసే పట్టాలి. మరికొన్ని చోట్ల రాముడు సీతను వెతుక్కుంటాడు. పేర్లూ అంకెలూ మారినా ఆట అదే.

రాజూ మంత్రీ బయటపడ్డాక మిగిలేది ఇద్దరే. లెక్క ప్రకారం సగానికి సగం అవకాశం. అంతకుమించి గెలవాలంటే ఎదుటివాళ్ల మొహాలు చదవాల్సిందే. ఇంగ్లండులో ఆంథొనీ ప్రాట్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో రూపొందించిన 'క్లూడో' 1949లో మార్కెట్లోకి వచ్చింది. అందులోనూ నేరస్తుణ్ని కనిపెట్టడమే పని. కాకపోతే అక్కడ కార్డులను బట్టి ఒక్కొక్కరినీ తీసేస్తూ పోవచ్చు. మన చీట్లాటలో ఆ సౌకర్యం లేదు.

పుంగనూరులోని ఓ ఇంట్లో అన్నదమ్ములకు అదే ఇబ్బందయింది. అన్నది మదనపల్లెలో టమోటా వ్యాపారం. తమ్ముడికి కుప్పంలో ఉద్యోగం. తండ్రి పోయాక పొలం పంచుకునేటప్పుడు బోరు ఎవరి వాటాలోకి రావాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. రెండేళ్లు పలకరింపుల్లేవు. తల్లి కోసం సంక్రాంతికి ఇద్దరూ వస్తారు. ఒకరు వసారాలో కూచుంటే మరొకరు మిద్దె ఎక్కుతారు.

ఆ పండగ రాత్రి కరెంటు పోయింది. దీపం ముందు పిల్లలిద్దరు చీట్లు రాశారు. ఆటకు నలుగురు కావాలి. 'చిన్నాయనా, నువ్వూ రా' అని అన్న కూతురు, 'పెదనాయనా, కూచో' అని తమ్ముడి కొడుకు చెయ్యి పట్టి లాగారు. కాదంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. అయిదో ఆటలో అన్నకు మంత్రి చీటీ వచ్చింది. కూతురు రాజు. మిగిలింది తమ్ముడూ, అతని కొడుకూ.

పిల్లాడు నవ్వాపుకోలేక పెదాలు బిగబట్టాడు. వాడే దొంగ అనుకోవచ్చు. అన్న మాత్రం తమ్ముడివైపు చూశాడు. రెండేళ్లలో సూటిగా చూడటం అదే మొదలు. చిన్నప్పుడు దొంగ చీటీ వచ్చినప్పుడల్లా తమ్ముడు చెవి గోక్కునేవాడు. ఇప్పుడూ అదే పనిలో ఉన్నాడు.

'నువ్వేరా దొంగ' అన్నాడు అన్న.

'ఎట్ల కనిపెడితివన్నా?' అనేశాడు తమ్ముడు, చీటీ విప్పుతూ. గోడకానుకుని కూచున్న అవ్వ ఏమీ అనలేదు. దీపం వత్తి కాస్త ఎగదోసింది.

బోరు తగాదా ఒక్క చీటీతో తీరలేదు. చెరో రోజు నీళ్లు పెట్టుకునేలా తర్వాత పెద్దమనుషుల సమక్షంలో ఒప్పందమైంది. ఆ పంచాయితీకి రమ్మని చెప్పడానికి మాత్రం అన్న మధ్యవర్తిని పంపలేదు. తనే ఫోన్ చేశాడు.

ఈసారి సెలవుల్లో పిల్లలు నాలుగో మనిషి కావాలని పిలిస్తే, పనుందని తప్పించుకోకండి. అయ్యే ఖర్చల్లా నోటుబుక్కులో ఒక్క పేజీ.