కాగితం లేని బేరాలు

కొత్తగా లా పూర్తిచేసి మా ఆఫీసులో చేరే పిల్లలకు లండన్ స్మోక్‌బాల్ కేసు కంఠతా వచ్చు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం ఒంటబట్టాలంటే మాత్రం వాళ్లను తాండూరు పంపాలనిపిస్తుంది. అక్కడ పొట్లంలో తెచ్చిన గుప్పెడు కందులు చూసి లారీ మాలుకు బేరం కుదురుతుంది. దాల్‌మిల్లు సేటు ఒక గింజ కొరికి తేమ చూస్తాడు, ధర చెబుతాడు, అమ్మేవాడు సరేనంటాడు. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం అన్నీ టీ చల్లారకముందే అయిపోతాయి.

గొడవ లారీ దిగాక మొదలవుతుంది. పై బస్తాలు ఒక రకం, అడుగువి ఇంకో రకం. "కాగితం రాసుకోలే వకీల్ సాబ్, కేసు నిలబడ్తదా?" అంటారు. నిలబడుతుంది. నోటిమాటా ఒప్పందమే. శాంపిల్ చూపి అమ్మితే మాలు శాంపిల్‌లాగే ఉండాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 17వ సెక్షన్ అంటుంది. 'తాండూరు కంది' అని అమ్మితే ఆ పేరుకూ తగినట్టుండాలి. 2022లో జీఐ గుర్తింపు వచ్చాక ఆ పేరుకు బరువు పెరిగింది. చిక్కల్లా రుజువు దగ్గరే. కాంటా చీటీ, అడ్వాన్సు పడిన బ్యాంకు ఎంట్రీ, వాట్సాప్‌లో "మాల్ పంపు" అన్న రెండు ముక్కలు దొరికితే సగం పని అయినట్టే. అసలైన ఆ పొట్లాన్ని మాత్రం ఎవరూ దాచరు!

ప్రతిఫలం దగ్గరికొస్తే పుస్తకమే తెరుస్తాను, అదీ మన పేర్లున్న కేసు: చిన్నయ్య, రామయ్యలది, 1882, మద్రాసు హైకోర్టు. తల్లి కూతురికి భూమి రాసిచ్చి, తన తోబుట్టువులకు ఏటా డబ్బివ్వమంది. కూతురు ఒప్పుకుని, తర్వాత "వాళ్లు నాకేమిచ్చారు?" అంది. తల్లి ఇచ్చిన భూమే చాలంది కోర్టు.

వికారాబాద్ వైపు భూముల బేరాల్లో కాగితం ఉంటుంది, చదివేవాళ్లే ఉండరు. "అమ్మేవాడు తప్పితే బయానా రెట్టింపు" అన్న వాక్యాన్ని నమ్ముకుని వస్తారు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అది పై హద్దు మాత్రమే. అందులోపు సమంజసమైన పరిహారమే దక్కుతుందని 1963లోనే ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే నేను ముందు గడువు చూస్తాను. తేదీ రాసి ఉంటే, రిజిస్ట్రేషన్ చేయించమని దావా వేయడానికి ఆ రోజు నుంచి మూడేళ్లు. లేకపోతే, ఇవ్వనన్నట్టు తెలిసిన రోజు నుంచి. ఫోనెత్తకపోవడం ఇవ్వననడమేనా? మా వాదన సగం అక్కడే నడుస్తుంది.