బాత్రూం తలుపు ఇంకా రెండున్నర అడుగులేనా?

మా మట్టెవాడ గల్లీలల్ల పాత ఇండ్లు కూలగొట్టి కొత్తవి లేపుతున్నరు. ముందర గ్రానైటు, మెట్లకు స్టీలు రెయిలింగు. బాత్రూం తలుపు మాత్రం అదే రెండున్నర అడుగులు. చౌకట్టు మందం పోతే వీల్‌చైర్ పట్టదు. నీళ్లు బయటికి రావద్దని నేల రెండంగుళాలు దించుతరు, పైనుంచి ఒక గడప బండ!

పక్కింట్ల పక్షవాతం వచ్చిన పెద్దమ్మ కోసం మేస్త్రి ఆ బండ పీకేసి, నేలను జాలీ దిక్కు వాలు చేసిండు. తలుపు బయటికి తెరుచుకునేటట్టు తిప్పిండు. లోపల మనిషి పడితే తలుపుకే అడ్డమైతది గదా. కమోడ్ పక్కన కడ్డీని ఇటుక గోడలోకి లోతుగ దించిండు. టవల్ రాడ్డును నమ్ముకుంటే చేతికే ఊడొస్తది.

వంటగట్టు కింద అర తీసేస్తే కుర్చీల కూసున్నోళ్లకు మోకాళ్లు పడతయి. "మరి గిన్నెలు ఏడ పెట్టాలె?" అన్నది ఆ పెద్దమ్మ కోడలు. అడగాల్సిన మాటే.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆఫీసులు, బస్టాండ్ల సంగతి చెప్తది గనీ మన బాత్రూం దాకా రాదు. ఇగ ఇంటి ముందర మెట్టుకు ర్యాంపు పెడదామంటే, దాని లెక్క 1:12. అంటే ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల వాలు. మా గల్లీల అంత జాగ ఇస్తే ఆటో తిరగదు.

మడిచి పెట్టుకునే ఇనుప ర్యాంపు ఎవరన్న చేయించుకున్నరా? ఏ వెల్డింగ్ షాపుల, ఎంతయింది, జర చెప్పుండ్రి.