నల్ల ప్లేటు బండ్లలో సిరిసిల్లకు

సోలాపూర్ తూర్పు పేటల్లో ఉండే మనవాళ్ళకు ఇప్పటికీ ఊళ్ళు రెండు. పుట్టి పెరిగిన ఊరు ఒకటి, తాత చెప్పిన ఊరు ఒకటి. మాకు తాత చెప్పిన ఊరు సిరిసిల్ల. అక్కడ మా మేనత్త ఉంది. ఎనభై దాటిన మనిషి. "తమ్మిని ఒక్కసారి తోలుకరాండ్రి, సూడాలనిపిస్తుంది" అని చలికాలంలో ఫోను చేయించింది. ఆ తమ్ముడే మా బాపు. ఆయనకూ డెబ్బై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పితో బస్సు మెట్లు ఎక్కలేడు.

నేను టవెల్ కార్ఖానాలో టెంపో నడుపుతాను. బండి తోలడమే నా పని గానీ సొంత కారు లేదు. అందుకని కిరాయికి తీసుకొని మేమే నడుపుకుంటూ పోయాం. మొదటిసారి మధ్యరకం సెడాన్. నాలుగు నెలల తర్వాత అత్త మనవడి పెళ్ళికి పెద్ద సెడాన్. మనవాళ్ళు చాలామంది ఇప్పుడు ఇట్లనే పోతున్నారు కాబట్టి ఆ రెండు బండ్ల సంగతి రాస్తున్నాను.

డ్రైవర్‌తో వచ్చే టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటాయి. మనమే నడుపుకొనే కిరాయి కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెలిసినవాడు ఎవడైనా చూడగానే ఇది సొంత బండి కాదని చెప్పేస్తాడు. మొదటిసారి మేం తీసుకున్నది సియాజ్, సిటీ, వెర్నా వరసలోది. ఈ వరస బండ్లు ఇంచుమించు నాలుగున్నర మీటర్ల పొడుగుంటాయి. సియాజ్ డిక్కీ 510 లీటర్లని కంపెనీ లెక్క. మన లెక్కలో చెప్పాలంటే రెండు పెద్ద సూట్‌కేసులు, అత్తకు రెండు సోలాపూర్ చద్దర్లు, కడక్ భాకరీల డబ్బా, శేంగా చట్నీ, మా అవ్వ కట్టుకున్న మూట, ఇన్ని పెట్టినా మూత పడేంత చోటు.

సెడాన్ కిందికి ఉండే బండి. టెంపోలోకి ఎక్కుతాం, దీంట్లోకి దిగుతాం. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ఒక కాలు లోపల పెట్టి వంగి దూరబోతే తల తగులుతుంది, నడుం పట్టేస్తుంది. సీటు బాగా వెనక్కి జరపాలి. మొహం బయటికే పెట్టి ముందు కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. సీటు మీద ప్లాస్టిక్ సంచి పరిస్తే సులువుగా జారుతారు. కూర్చున్నాక సంచి లాగేయాలి. బాపుకు ఇది రెండుసార్లు నేర్పాను. మూడోసారి ఆయనే అవ్వకు నేర్పాడు.

తెల్లవారి ఐదింటికి బయల్దేరాం. మన ముందు నుంచి పోయే 65 నంబరు జాతీయ రహదారి పుణె నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది. పెద్దలకు ఇది ఇప్పటికీ 9 నంబరు రోడ్డే. నల్దుర్గ్‌లో బోరీ నది, కోటలో పానీ మహల్. ఉమర్గా దాటితే కర్ణాటక. సస్తాపూర్ బంగ్లా, హుమ్నాబాద్. ఆ తర్వాత జహీరాబాద్ వస్తే తెలంగాణ. ఒక్క పూటలో బోర్డుల మీద మరాఠీ పోయి కన్నడం వస్తుంది, కన్నడం పోయి తెలుగు వస్తుంది. జహీరాబాద్ నుంచి బాపు ప్రతి బోర్డూ పైకి చదివాడు. మరాఠీ బడిలో చదివే నా కూతురు వెనక నుంచి తల ముందుకు పెట్టి తాత వేలు చూపించిన చోటల్లా చూసింది.

మధ్యరకం బండి నడపడానికి తేలిక. స్టీరింగ్ ఒక వేలికి తిరుగుతుంది. పేటల్లోని సందుల్లో కూడా భయం లేదు. అయితే ఐదుగురు కూర్చొని డిక్కీ నిండితే లారీని దాటేటప్పుడు ముందే ఒక గేరు దించుకోవాలి. అదే గేరులో తొక్కితే బండి ఆలోచిస్తూ ఉంటుంది, ఎదురుగా బస్సు వచ్చేస్తుంది. 2019 జులై నుంచి తయారయ్యే కార్లన్నిట్లో గంటకు 80 దాటితే ఆగి ఆగి కూత వస్తుంది, 120 దాటితే ఆగకుండా వస్తుంది. నా కూతురు దానికి భోంగా అని పేరు పెట్టింది. "పప్పా, భోంగా అయింది" అంటే నేను కాలు తీసేవాణ్ణి.

ఆ భోంగా బాపుకు వినిపించలేదు. ముప్పై ఏళ్ళు మిల్లులో మగ్గాల మధ్య నిలబడ్డ మనిషి. మన ఇళ్ళల్లో ఇట్లాంటి చెవులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఖాతాలో ఒకరి పెదవులు ఒకరు చూసి, చేతి సైగలతో మాట్లాడుకునేవారట. బండి నడిపేవాడు ఆయన వైపు తిరగలేడు కదా. ఎనభై మీద టైర్ల చప్పుడు, గాలి చప్పుడు కలిసి నా మాట ఆయనకు అందలేదు. రెండుసార్లు "ఆఁ?" అన్నాడు. తర్వాత ఊరుకున్నాడు. సిరిసిల్ల దాకా మేం మాట్లాడుకున్నది టీ తాగడానికి ఆగినప్పుడే. అక్కడ అక్క మంచం మీద కూర్చొని చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరికీ సరిగా వినపడదు. అయినా రెండు రోజులు అట్లనే కూర్చున్నారు.

పెళ్ళికి పోయేటప్పుడు మా అక్క కొడుకు పుణె నుంచి పెద్ద బండి తెచ్చాడు. క్యామ్రీ, సూపర్బ్ వరసలోని హైబ్రిడ్. కిరాయి మధ్యరకానికి మూడింతలు. "ఎందుకురా అంత?" అంటే "పెళ్ళికి పోతున్నం మామా, మనం సోలాపూర్‌లో ఎట్లున్నమో జర వాళ్ళకు తెలవాలె" అన్నాడు. నాకు నచ్చలేదు గానీ డబ్బు వాడిది. ఒప్పందం కాగితంలో వాడి పేరు మాత్రమే ఉంటే నేను నడపకూడదు. ఏదైనా అయితే ఇన్సూరెన్సు రాదు. అందుకని నా లైసెన్సు పంపి నా పేరు కూడా ముందే రాయించాం. పక్క రాష్ట్రాలకు పోతామని కూడా చెప్పించాం.

ఈ వరస బండ్లు 4.9 మీటర్లకు దగ్గరగా ఉంటాయి. అంటే మధ్యరకం కన్నా మూరెడు పొడుగు అనుకోండి. బటను నొక్కితే ఏ చప్పుడూ రాలేదు. బాపు నా మొహం చూశాడు. "చాలు అయితలేదా?" "అయింది బాపూ." హైబ్రిడ్‌లో మొదట బ్యాటరీ మీద మోటారు లాగుతుంది. కావలసినప్పుడే పెట్రోలు ఇంజను తనంతట తాను కలుస్తుంది. గేరు మార్చే పని లేదు. లారీని దాటాలంటే తొక్కితే చాలు. నా ఎడమ కాలికి మాత్రం రోజంతా పని లేక తిమ్మిరెక్కింది.

నల్దుర్గ్ దాటాక బాపు మామూలు గొంతుతో "ఈ తొవ్వనే వచ్చినం మేము" అన్నాడు. నేను "ఎప్పుడు?" అన్నాను. ఆయనకు వినిపించింది. ఇద్దరం ఒక క్షణం ఆగిపోయాం.

అక్కడి నుంచి హుమ్నాబాద్ దాకా చెప్పాడు. పన్నెండేళ్ళప్పుడు తాతతో సోలాపూర్‌కు బయల్దేరితే చేతిలో చార్జీ డబ్బులు లేవట. అప్పటికి పెళ్ళయిన అక్క కాళ్ళ కడియాలు తీసి ఇచ్చిందట. తాత వాటిని కుదువపెట్టి ఇద్దర్నీ బండెక్కించాడు. "ఇడిపిస్తనన్నడు మీ తాత. ఇడిపియ్యలే. నేను గూడ ఇడిపియ్యలే. మిల్లుల పర్మనెంట్ అయినంక అనుకున్న, పెళ్ళయినంక అనుకున్న, గట్లనే పాయె." అరవై ఏళ్ళ పైచిలుకు మాట. నేను ఇంతకు ముందు వినలేదు. ఇంట్లో పక్కింటి పవర్‌లూమ్ చప్పుడు, టీవీ చప్పుడు, మా అరుపులు. ఇట్లాంటివి అరిచి చెప్పుకునే మాటలు కావు. వెనక మా అక్క కొడుకు కూడా విన్నాడు. వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పెద్ద బండికి కష్టాలు ఊళ్ళోకి వచ్చాక మొదలయ్యాయి. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట తగులుతుంది. ఏ పొడుగు సెడాన్‌కైనా ఇదే తంటా. బాగా నెమ్మదించి, ఖాళీ ఉంటే కొంచెం ఏటవాలుగా ఎక్కించాలి. మరీ ఎత్తయితే ఇద్దరు దిగాలి. సిద్దిపేట దాటాక ఒక పల్లెలో మేం అట్లనే దిగాం. అత్త ఉండే సందులోకైతే బండి పోనే లేదు. మధ్యరకం బండి గడప దాకా పోయింది. ఇది పెద్ద రోడ్డు మీదే ఆగింది. తలుపు తీయగానే సందు నిండా సాంచాల మోత. బాపు వెంటనే మళ్ళీ అరిచి మాట్లాడడం మొదలుపెట్టాడు.

చుట్టాలు బండి చుట్టూ మూగారు. "కారు కొన్నరా?" అని ఒకాయన అడిగాడు. మా అక్క కొడుకు నల్ల ప్లేటుకు అడ్డంగా నిలబడి నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే బాపు అన్నాడు: "కిరాయిది బిడ్డా. ముప్పై ఏండ్లు నడిపిన సాంచా నాదా? అది గూడ మిల్లోళ్ళదే. నడిపిన, దిగిన." అందరూ నవ్వారు. ఇక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రాత్రి బాపు అత్త దగ్గర కూర్చొని ఆమె చేతిలో ఏదో పెట్టాడు. ఎంతో నేను అడగలేదు. అత్త మళ్ళీ ఆయన జేబులోనే పెట్టింది. ఆయన తీశాడు. చాలాసేపు అట్లనే నడిచింది.

కిరాయికి తీసుకునేవాళ్ళకు ఒక మాట. బండి చేతికి రాగానే నాలుగు వైపులా, పొట్ట కింద, డిక్కీలో స్టెప్నీ, జాకీ, పెట్రోలు ముల్లు, అన్నీ ఫోనులో వీడియో తీసుకోండి. మొదటిసారి మేం బండి ఇచ్చేటప్పుడు బంపరు మీద గీత చూపించి డిపాజిట్ పట్టుకోబోయారు. వీడియోలో ఆ గీత ముందే ఉంది కాబట్టి తిరిగి ఇచ్చారు. అత్తలు, వదినలు పెట్టిచ్చే ఆవకాయ జాడీని రెండు సంచుల్లో కట్టండి. నూనె కారితే కడుగుడు ఖర్చు మన మీదే పడుతుంది.

ఏ బండి మంచిదని అడిగితే ఖర్చుకు, సందులకు మధ్యరకమే మేలు. నేను అదే చెప్తాను. కానీ మొన్న బాపును అడిగాను, "మళ్ళ పోయేటప్పుడు ఏ బండి తేవాలె?" అని. "మాట వినవడేది" అన్నాడు. ఈ నెల నుంచి నేను ఇంకో భిశీలో పేరు రాయించాను.