బి.కాం. తర్వాత నర్సింగ్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ కబురు పంపితే కవిత రాద్దామనుకున్నాను. కానీ మన హాస్టల్ చెల్లెళ్లు నాకు ఫోన్ చేసి అడిగేది ఒక్కటే. "అక్కా, డిగ్రీ అయిపోయింది. ఇప్పుడు నర్సింగ్ చేయొచ్చా?" అందుకే ఆ సంగతే రాస్తున్నాను.

నేను ఇంటర్‌లో సి.ఇ.సి., తర్వాత బి.కాం. చదివాను. డిగ్రీ అయ్యాక గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో చేరాను. రాత్రిపూట రోగి తాలూకు వాళ్లు బిల్లు కట్టేశాక కూడా అక్కడే నిలబడేవారు. "మా నాన్నకి ఎలా ఉందమ్మా?" అని నన్నే అడిగేవారు. నాకు మందు ధర తెలుసు, ఆ మందు ఎందుకో తెలియదు. పైకెళ్లి సిస్టర్‌ని అడిగొచ్చి చెప్పేదాన్ని. అలా ఏడాదిపాటు మెట్లెక్కి దిగాక, నా పని కిందకాదు, పైన అనిపించింది.

దారి వెతికితే తెలిసింది ఇది. బి.యస్సీ. నర్సింగ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. మన బి.ఏ., బి.కాం. అక్కడ లెక్కలోకి రావు. అమెరికాలో వేరే డిగ్రీ ఉన్నవాళ్లు ఏడాది, ఏడాదిన్నరలో నర్సింగ్ డిగ్రీ పూర్తిచేసే కోర్సులున్నాయి. మనకు అలాంటి అడ్డదారి లేదు. మిగిలింది మూడేళ్ల జి.ఎన్.ఎం. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇంటర్ ఏ గ్రూపైనా 40 శాతం మార్కులుంటే దానికి అర్హులే. కాకపోతే సైన్సు వాళ్లకు మొగ్గు. వయసు 35 దాటకూడదు. అది పాసై, కౌన్సిల్లో రిజిస్టరై, ఇంకో రెండేళ్లు పోస్ట్ బేసిక్ బి.యస్సీ. చదివితే అప్పుడు నర్సింగ్ డిగ్రీ. మొత్తం అయిదేళ్లు.

అసలు దెబ్బ స్కాలర్‌షిప్ దగ్గర. ఒక స్థాయి చదువు అయ్యాక మళ్లీ అదే స్థాయిలో వేరే చదువు చదివితే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇవ్వరు. బి.ఏ. తర్వాత బి.కాం. చేస్తే రాదని రూల్సులోనే ఉదాహరణ ఉంది. డిగ్రీ అయిన నాకూ రాలేదు. కౌంటర్లో దాచిన జీతం, అమ్మ డ్వాక్రా గ్రూపులో తెచ్చిన అప్పు, అంతే.

డబ్బుకన్నా నాన్న మాట గట్టిగా తగిలింది. "మీ అమ్మ చేతులు జీవితమంతా ఒకళ్ల కొట్టాల్లో పేడెత్తాయి. నిన్ను హాస్టల్లో ఉంచి డిగ్రీ చదివించింది మళ్లీ ఇంకొకళ్ల మలమూత్రాలు ఎత్తడానికా?" అన్నాడు. ఇది కోపం కాదని నాకు తెలుసు. మన ఇళ్లల్లో ఈ మాటకు ఎంత బరువుందో మీకు చెప్పక్కర్లేదు. "అమ్మ పేడెత్తితే పాత చీర ఇచ్చారు నాన్నా. నాకు రిజిస్ట్రేషన్ నంబరిస్తారు" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. వద్దనీ అనలేదు.

క్లాసులో నాకన్నా నాలుగేళ్లు చిన్నపిల్లలతో కూర్చున్నాను. 'ఆంటీ' అని ఏడిపించేవారు. మొదటి ఏడాది అనాటమీ, మైక్రోబయాలజీ తెల్లవారుజామున లేచి బట్టీ పట్టాల్సి వచ్చింది. వార్డులోకి వెళ్లాక మాత్రం బి.కాం. అక్కరకొచ్చింది. రోగి లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది అని రాసే ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు నాకు అచ్చం క్యాష్ బుక్కులా కనిపించింది! మందుల స్టాకు రిజిస్టరు కూడా నాకే అప్పగించేవారు.

ఇప్పుడు ఒక పి.హెచ్.సి.లో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుని. పోస్ట్ బేసిక్ ఇంకా చేయలేదు, డ్వాక్రా అప్పు తీరింది. నాన్న ఊళ్లో ఇప్పటికీ నర్సు అనడు, "మా అమ్మాయి గవర్నమెంటు ఆసుపత్రిలో చేస్తోంది" అంటాడు.

చేరాలనుకునేవాళ్లు ఆ స్కూలుకు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకోండి. ఇంటర్ మెమో, కులధ్రువీకరణ పత్రం, డిగ్రీ టి.సి. జాగ్రత్తగా పెట్టుకోండి. ఏమైనా అడగాలంటే నా నంబరు వార్డెన్ మేడమ్ దగ్గర ఉంది. నైట్ డ్యూటీ వారమైతే సాయంత్రం నాలుగు దాటాక చేయండి, అంతకుముందు నిద్రపోతుంటాను.